చెక్కుడు ఉలులకు సొంతంగా పిడి వేసుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్తగా కొన్న ఉలికి వచ్చే పిడి అందరి చేతికీ ఒకే కొలత. పాత ఇనుప సామాన్ల కొట్టులో దొరికే మంచి ఉక్కు ఉలికైతే చాలాసార్లు పిడే ఉండదు. రెండింటికీ మందు ఒకటే, మన చేతికి సరిపడా మనమే పిడి వేసుకోవడం. పిడి ఊడినా, పగిలినా, పట్టుకుంటే తిరిగినా తప్పు సాధారణంగా రెండు చోట్ల ఉంటుంది: కర్ర పూర్తిగా ఆరకపోవడం, బెజ్జం సరిగా పడకపోవడం. అందుకే ఆ రెండు జవాబులూ ఇక్కడ పెద్దవిగా ఉన్నాయి. పైకి కనిపించే నునుపు, మెరుపు ఆ తరువాతి సంగతి.

పిడికి సంబంధించిన భాగాలు ఏమిటి?

ఉలికి ఒక చివర నోరు, రెండో చివర పిడిలోకి దిగే తోక ఉంటాయి. తోక సాధారణంగా నలుపలకలుగా ఉండి చివరికి సన్నబడుతుంది. తోక మొదట్లో కాస్త ఉబ్బెత్తుగా ఉండేది భుజం. దెబ్బ కొట్టినప్పుడు తోక పిడిలోకి ఇంకా దిగిపోకుండా ఆపేది అదే. పిడి మూతికి తొడిగే ఇత్తడి లేదా రాగి కట్టును పొన్ను అంటారు, రోకలి చివర ఉంటుందే అలాంటిదే. రోకలికి పొన్ను లేకపోతే కర్ర అంచు చీలికలు పారుతుంది. ఉలి పిడికీ అదే గతి.

ఏ కర్ర మంచిది?

కొయ్య సుత్తితో కొట్టే ఉలికైతే మా మొదటి ఓటు నల్లతుమ్మ చేవకే. నాగళ్లకూ బండి చక్రాల ఆకులకూ మనవాళ్లు దాన్నే వాడారు, దెబ్బకు ఓర్చుకుంటుంది కనుక. పల్లెల్లో సులువుగా దొరుకుతుంది కూడా. దానికి దీటైనది చిరుమాను. బండి ఇరుసులకు పేరుపడ్డ కర్ర, సాగే గుణం ఉంది, తొందరగా చీలదు. కానీ ఆరేటప్పుడు పగుళ్లు తీస్తుంది, ఓపిక కావాలి. చింత చేవ బరువైనది, గట్టిది. పిడి కంటే కొయ్య సుత్తికి దాన్ని ఉంచుకోవడం మేలు. జామ కొమ్మ లావుగా దొరికితే వదలకండి. రేఖ, అంటే కర్రలో పోగులు సాగే వరుస, సన్నగా, ఒత్తుగా ఉంటుంది, చేతిలో నున్నగా కూర్చుంటుంది.

సుత్తి తగలకుండా అరచేత్తో నెట్టే చిన్న ఉలులకు అంత గట్టి కర్ర అక్కర్లేదు. ఏటికొప్పాక బొమ్మలవాళ్లు లేత్ మీద పట్టే అంకుడు కర్ర వీటికి చక్కగా సరిపోతుంది. తెల్లగా, సమంగా ఉంటుంది, ఉలికి లొంగుతుంది. టేకు కూడా ఫర్వాలేదు, తేమకు పెద్దగా కదలదు. కాకపోతే గట్టి దెబ్బలకు అంచు చీలికలుగా లేస్తుంది. జిట్రేగి అందంగా, గట్టిగా ఉంటుంది, దొరికితే మంచిదే.

కొండపల్లి, నిర్మల్ బొమ్మలు చేసే పొణికి కర్రతో పిడి చేయవచ్చా అని కొందరు అడుగుతారు. వద్దు. ఆ కర్ర గొప్పతనమంతా తేలికదనంలో, మెత్తదనంలో ఉంది. గోటితో నొక్కితే నొక్కు పడే కర్ర తోకను బిగించి పట్టలేదు.

ఏవి వాడకూడదు?

గన్నేరు విషం, దాని జోలికి పోవద్దు. నల్లజీడి రసం తగిలితే ఒళ్లు బొబ్బలెక్కుతుంది. జిట్రేగి, టేకు పొడి కొందరి చర్మానికి, ఊపిరికి పడదు. ఏ కర్ర రాకినా మాస్కు పెట్టుకోండి. ఎర్రచందనం ముక్క ఎవరైనా చవకగా ఇస్తామంటే ఒప్పుకోకండి. అనుమతి లేకుండా దాన్ని నరికినా, తరలించినా నేరం. ఒక పిడి కోసం ఆ తలనొప్పి అనవసరం.

తెలిసిన జాతిలో కూడా చేవ లేని తెల్లచెక్క, ముడి ఉన్న భాగం, నడిమి బెండు ఉన్న ముక్క తీసేయాలి. బెండు చుట్టూ ఉన్న కర్ర తప్పకుండా పగులుతుంది. చేతిలో ముక్కను తట్టి చూడండి. సన్నటి చిల్లుల్లోంచి మైదాపిండిలాంటి పొడి రాలితే లోపల పుచ్చు ఉన్నట్టు. ఆ ముక్కను మిగతా కర్రల దగ్గర కూడా ఉంచకండి.

కర్ర ఆరిందని ఎలా తెలుసుకోవాలి?

చూపుకు తెలియదు, చేతికి కొంత తెలుస్తుంది, త్రాసుకు పూర్తిగా తెలుస్తుంది. పచ్చి దుంగను ముందుగా చీల్చి, బెండు తీసేసి, 40 మి.మీ. చదరపు ముక్కలుగా కోయాలి. రెండు చివర్లకూ కరిగించిన మైనమో, చిక్కటి ఫెవికాలో పూయాలి. తేమ చివర్ల నుంచి త్వరగా పోతుంది, పక్కల నుంచి నెమ్మదిగా పోతుంది. చివర్లు ముందే ముడుచుకుపోవడం వల్లనే అక్కడ పగుళ్లు వస్తాయి. ముక్కల మధ్య పుల్లలు పెట్టి గాలి ఆడేలా, నీడలో పేర్చండి. ఎండలో పెడితే రాయలసీమ వేసవిలో ఒక్క వారంలోనే పగుళ్లు చూస్తారు.

అంగుళం మందానికి ఏడాది అనేది పాత లెక్క. దాన్ని నమ్మి కూర్చోకుండా వంటింటి త్రాసు తెచ్చుకోండి. 30 × 30 × 150 మి.మీ. తుమ్మ ముక్క 100 నుంచి 120 గ్రాములు తూగుతుంది. అందులో ఒక గ్రాము తగ్గిందంటే దాదాపు ఒక శాతం తేమ పోయినట్టే. వారానికోసారి తూచి, ముక్క మీదే పెన్సిల్‌తో తేదీ, బరువు రాయండి. వరుసగా మూడు వారాలు బరువు మారకపోతే ఆ ముక్క మీ ఇంటి గాలికి సర్దుకున్నట్టు. వానాకాలంలో ఆగిన బరువును మాత్రం పట్టించుకోవద్దు, అప్పుడు గాలే తడిగా ఉంటుంది. చలికాలం చివర, వేసవి మొదట్లో తూచినదే నమ్మదగ్గ లెక్క.

నా చేతికి ఎంత పిడి కావాలి?

నాలుగు వేళ్లూ కలిపి అరచేతి వెడల్పు కొలిచి, దానికి 25 నుంచి 30 మి.మీ. కలపండి. చాలామందికి 110 నుంచి 130 మి.మీ. మధ్య వస్తుంది. లావు విషయంలో ఒక పరీక్ష ఉంది. పిడిని గుప్పిట్లో పట్టుకుంటే నడిమి వేలి కొన బొటనవేలి మొదలును తాకీ తాకనట్టు ఉండాలి. గోళ్లు అరచేతిలో గుచ్చుకుంటే సన్నం, వేళ్ల మధ్య రెండు వేళ్లు పట్టేంత ఖాళీ ఉంటే లావు. సాధారణంగా లావైన చోట 26 నుంచి 30 మి.మీ. సరిపోతుంది. అరచేతి ఉలికి పొడవు 60 నుంచి 75 మి.మీ., వెనక భాగం పుట్టగొడుగులా గుండ్రంగా ఉండి అరచేతి గుంటలో కూర్చోవాలి.

మొదటి పిడిని ఖరీదైన కర్రతో చేయకండి. ఏదో ఒక మెత్తటి ముక్కతో నమూనా చేసి, అరగంట నిజంగా చెక్కి చూడండి. ఎక్కడ నొప్పి పుడుతుందో చెయ్యే చెబుతుంది.

గుండ్రం మేలా, ఎనిమిది పలకలు మేలా?

మేమైతే ఎనిమిది పలకలే అంటాం. బల్ల మీద పెడితే దొర్లదు. ఉలి దొర్లి నోరు కింద పడితే ఒక పూట సాన పట్టాలి. చూడకుండానే నోరు ఎటు తిరిగి ఉందో వేలికి తెలుస్తుంది, వంపు నోటి ఉలికి ఇది చాలా ముఖ్యం. చెమట చేతిలో జారదు. లేత్ కూడా అక్కర్లేదు.

గీత గీసే పద్ధతి ఇది. 30 మి.మీ. చదరపు ముక్క చివర మూల నుంచి మూలకు రెండు గీతలు గీయండి. మూల నుంచి మధ్య బిందువు వరకు వృత్తలేఖినిని తెరవండి, 21.2 మి.మీ. వస్తుంది. అంతే తెరుపుతో ఒక్కో మూల మీద ముల్లు పెట్టి అంచుల మీద గుర్తులు కొట్టండి. ప్రతి అంచూ 8.8, 12.4, 8.8 మి.మీ.గా విడిపోతుంది. ఆ గుర్తుల నుంచి ముక్క పొడవునా గీతలు లాగి, నాలుగు మూలలూ గీత వరకు చిత్రిక పడితే ఎనిమిది పలకలు వచ్చేస్తాయి. ఆ తరువాత పొన్ను వైపు సన్నగా, నడుమ కాస్త లావుగా ఆకురాయితో దించుకోండి. అంచుల పదును మాత్రం శాండ్‌పేపర్‌తో చంపాలి, లేకపోతే వేళ్లు కోసుకుంటాయి.

ఏ పని ముందు, ఏది తరువాత?

ముందు బెజ్జం, తరువాత ఆకారం. అందంగా పిడి తయారు చేసుకుని చివర్లో బెజ్జం వేయబోతే డ్రిల్ బిట్ ఒక పక్కకు లాగుతుంది, అప్పటికి చేసేదేమీ ఉండదు. చదరపు ముక్కలో ముందు సన్న బెజ్జం వేస్తే అది కాస్త వంకర పోయినా ఫర్వాలేదు. ఆ బెజ్జాన్నే నడిమి రేఖ అనుకుని ఆకారం దాని చుట్టూ తీయవచ్చు. అందుకే ముక్కను కావలసిన దానికంటే 5 మి.మీ. ఎక్కువ లావుగా ఉంచుకోవాలి.

వరుస ఇది: చదరపు ముక్క, సన్న బెజ్జం, కొత్త నడిమి రేఖ, పొన్ను కూర్చునే మూతి, పొన్ను, మిగతా బెజ్జాలు, ఆకారం, తోక దించడం, చివరి నునుపు. కొత్త నడిమి రేఖ కోసం డ్రిల్ బిట్‌నే తిరగేసి, దాని కాడను బెజ్జంలో గుచ్చండి. బయటికి నిలిచిన బిట్‌కు ఒక ఉక్కు స్కేలు ఆనించి, ఆ దారినే ముక్క పక్కలకు గీత పొడిగించి వెనక చివరి వరకు తెండి. రెండు పక్కల నుంచి ఇలా చేస్తే వెనక చివర అసలు కేంద్రం ఎక్కడుందో దొరుకుతుంది.

బెజ్జం ఎంత ఉండాలి?

తోక సన్నబడుతూ పోతుంది, డ్రిల్ బిట్ మాత్రం ఒకే లావు. కనుక బెజ్జాన్ని మెట్లుగా వేయాలి. ఉదాహరణకు తోక 48 మి.మీ. పొడవు, భుజం దగ్గర 7 మి.మీ. పలక, చివర 3 మి.మీ. అనుకుందాం. తుమ్మలాంటి గట్టి కర్రకు:

4.5 మి.మీ. బిట్‌తో 50 మి.మీ. లోతు,
6 మి.మీ. బిట్‌తో 32 మి.మీ. లోతు,
7.5 మి.మీ. బిట్‌తో 16 మి.మీ. లోతు.

టేకు, అంకుడులాంటి వాటికి ఇవే లోతులు, బిట్లు మాత్రం 4, 5.5, 7. బిట్‌కు ఇన్సులేషన్ టేపు చుట్టి లోతు గుర్తు పెట్టుకోండి.

లెక్క వెనక సంగతి ఏమిటంటే, నలుపలకల తోకకు పలక నుంచి పలకకు 7 మి.మీ. ఉంటే మూల నుంచి మూలకు 9.9 మి.మీ. ఉంటుంది. బెజ్జం ఈ రెండింటి మధ్య ఉండాలి. పలకలు చొరబడాలి, మూలలు కర్రను కొరకాలి. ఆ కొరుకుడే పిడి తిరగకుండా పట్టేది. బెజ్జం 10 మి.మీ. వేస్తే తోక గుండ్రటి గూట్లో చతురస్రంలా తిరుగుతుంటుంది, 6 వేస్తే సుత్తి దెబ్బకు పిడి నిలువునా చీలుతుంది.

మెట్లు వేశాక ఉలిని వైస్‌లో (బల్లకు బిగించే ఇనుప పట్టులో), చెక్క పలకల మధ్య బిగించి, పిడిని తోక మీద గుచ్చి అటూ ఇటూ పావు చుట్టు తిప్పుతూ నొక్కండి. తోక మూలలే లోపలి కర్రను గీకి, మెట్లను కలిపి తమ ఆకారానికి గూడు చేసుకుంటాయి. మధ్యమధ్య పిడి తీసి పొడి దులపాలి. పొడి అడుగున గట్టిపడితే తోక కింద ఆనుకుని, భుజం ఆనదు. చేత్తో నొక్కితే భుజానికీ పిడికీ మధ్య 5 లేదా 6 మి.మీ. ఖాళీ మిగిలే వరకు ఇలా చేసి ఆపండి.

పొన్ను దేనితో చేయాలి?

ఏసీ బిగించేవాళ్ల దగ్గర మిగిలే రాగి గొట్టం చక్కగా పనికొస్తుంది. ముప్పావు అంగుళం గొట్టం బయటి కొలత 19 మి.మీ., మామూలు ఉలికి అది. చిన్నవాటికి 5/8 అంగుళం, అంటే దాదాపు 16 మి.మీ. హాక్సా బ్లేడుతో 15 మి.మీ. ముక్క కోసి, లోపలి అంచు ఆకురాయితో సాఫు చేయండి. గొట్టం కోసే చక్రం కత్తెర వాడితే లోపలి అంచు ముడుచుకుంటుంది, అది తీయకపోతే కర్రను గీరేస్తుంది.

పిడి మూతి, గొట్టం లోపలి కొలత కంటే 0.1 నుంచి 0.2 మి.మీ. లావుగా ఉండాలి. లేత్ లేనివారు ఇలా చేయండి. బెజ్జమే కేంద్రంగా వృత్తం గీసి, చుట్టూ రంపంతో గాటు పెట్టి, ఉలితో గుండ్రంగా చెక్కండి. పొన్ను లోపలి అంచుకు పెన్సిల్ నుసి రాసి మూతి మీద నొక్కి తిప్పితే కర్ర మీద ఎక్కడ ఎత్తుందో అక్కడ నల్లగా అంటుతుంది. ఆ నలుపును మాత్రమే తీయండి. మళ్లీ రాయండి, మళ్లీ నొక్కండి. ఐదారు సార్లకు పొన్ను చుట్టూ సమంగా పట్టుకుంటుంది. అప్పుడు గొట్టం ముక్క అడ్డం పెట్టి సుత్తితో దింపండి. మూతి పొన్ను కంటే అర మి.మీ. బయటికి ఉండాలి. భుజం కర్ర మీద ఆనాలి గానీ రాగి మీద కాదు. చివరగా మేకు కొనతో రెండు చోట్ల పొన్నును కర్రలోకి కొద్దిగా నొక్కు కొట్టండి.

పొన్ను తొడగకుండా పెద్ద బెజ్జాలు వేయకండి. ఆ సమయంలోనే మూతి చీలే ప్రమాదం ఎక్కువ.

తోకను ఎలా దించాలి?

ఉలి నోటిని దేనికీ ఆనించవద్దు. పిడిని ఎడమ చేత్తో పట్టుకుని, ఉలి కిందికి వేలాడేలా గాలిలో ఉంచి, పిడి వెనక కొయ్య సుత్తితో కొట్టండి. ఇనుము బరువుకు అది ఉన్నచోటే నిలుస్తుంది, పిడి దాని మీదికి దిగుతుంది. పారకు కర్ర వేసేటప్పుడు చేసేదీ ఇదే. దెబ్బకు మి.మీ. చొప్పున ఖాళీ తగ్గాలి. శబ్దం వినండి. దిగుతున్నంత సేపు మొద్దుగా వస్తుంది, భుజం ఆనగానే గణగణమంటుంది. ఇంకా 3 మి.మీ. ఖాళీ ఉండగానే దిగడం ఆగిపోతే బలవంతం చేయకండి, ఊడదీసి మళ్లీ తిప్పి గీకండి.

తోకను కాల్చి దించే పద్ధతి మంచిదేనా?

కమ్మరి కొడవలికి, కత్తికి అలా వేస్తాడు, అక్కడ అది నడుస్తుంది. చెక్కుడు ఉలికి రెండు ఇబ్బందులు. వేడి నోటి వరకు పాకితే పదును నిలవదు. ఉక్కు మీద ఎండుగడ్డి రంగు దాటి నీలం తిరిగిందంటే దాదాపు 300 డిగ్రీలు చూసినట్టు, ఆ నోరు మెత్తబడింది. రెండోది, తోక చుట్టూ మిగిలేది బొగ్గు పొర, అది కొన్నాళ్లకు నలిగి పొడై పిడి వదులవుతుంది. తప్పదనుకుంటే నోటికి తడిగుడ్డ చుట్టి, తోక ఎర్రబడక ముందే మంటలోంచి తీసి, గీకిన బెజ్జంలో ఒక్క క్షణం మాత్రం దించి తీసేయండి.

జిగురు పెట్టాలా?

బెజ్జం బాగా పడితే అక్కర్లేదు. పాత వదులు పిడికి అరల్‌డైట్ (రెండు గొట్టాలవి కలిపి వాడే గట్టి జిగురు) పనిచేస్తుంది, అయితే రేపు పిడి మార్చాలంటే పగలగొట్టడమే దారి. లక్క కరిగించి పోస్తే బిగుతుగా పడుతుంది, మళ్లీ వేడి చేస్తే వదులుతుంది. ఎండలో వదిలేసే పనిముట్లకు మాత్రం లక్క వద్దు.

ఉలి నోరు పిడికి వంకరగా ఉంది. సరిచేయవచ్చా?

రెండు, మూడు డిగ్రీల వంకరైతే ఊడదీసి, బెజ్జం మూతి దగ్గర ఎదురు వైపు గుండ్రటి ఆకురాయితో కొంచెం తీసి, మళ్లీ దించండి. ఖాళీ పడిన వైపు అదే కర్ర సన్న చీలిక ఒకటి పెట్టాలి. అంతకు మించితే కొత్త పిడే. తోకను వంచి సరిచేయడానికి చూడకండి, విరుగుతుంది.

పిడి వెనక అంచు చీలికలు పారుతోంది, ఎందుకు?

వెనక చివర చదునుగా ఉంటే దెబ్బ అంచు మీద పడుతుంది. అక్కడ 3 లేదా 4 మి.మీ. ఎత్తున గుడ్డు చివరలా గుండ్రం చేస్తే దెబ్బ మధ్యలో పడుతుంది. ఇనుప సుత్తి వాడితే ఏ కర్రా తట్టుకోదు. లోతుగా కొట్టే పెద్ద ఉలులకు వెనక కూడా ఒక పొన్ను వేయండి, కర్ర దానికంటే 3 మి.మీ. పైకి ఉండాలి. రేఖ పిడి పొడవునా నేరుగా ఉందో లేదో కూడా చూడండి. రేఖ పక్కకు జారిపోతుంటే ఆ దారినే చీలిక వస్తుంది. అందుకే పిడి ముక్కను రంపంతో కోయడం కంటే గొడ్డలితో చీల్చడం మేలు.

పైన ఏం పూయాలి?

శాండ్‌పేపర్ 180, తరువాత 240 నంబరు చాలు. అంతకంటే నున్నగా చేస్తే చేతికి పట్టు ఉండదు. తడిగుడ్డతో ఒకసారి తుడిస్తే పోగులు లేస్తాయి, ఆరాక మళ్లీ 240తో రుద్దండి. ఆపైన రంగుల కొట్టులో దొరికే మరిగించిన అవిసె నూనె పలచగా పూసి, 15 నిమిషాలకు మిగిలింది తుడిచేయాలి. రోజుకొకటి చొప్పున మూడు పూతలు. వంటకు వాడే పచ్చి అవిసె నూనె ఆరడానికి వారాలు పడుతుంది. కొబ్బరి నూనె, వేరుశనగ నూనె అసలు ఆరవు, జిడ్డు పట్టి దుమ్ము అంటుకుంటుంది.

ఒక జాగ్రత్త తప్పనిసరి. అవిసె నూనె గుడ్డలు ఉండలా చుట్టి మూల పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. బయట పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్లలో ముంచండి.

ఏటికొప్పాక పద్ధతిలో తిరిగే కర్రకు లక్క కడ్డీ ఆనించి రంగు ఎక్కించుకోవచ్చు. పిడి వెనక కొసకు అలా ఒక రంగు పట్టీ వేస్తే డబ్బాలో ఏ ఉలి ఏదో చటుక్కున తెలుస్తుంది. పట్టుకునే చోట మాత్రం వద్దు, చెమటకు జారుతుంది.

పాత పిడి ఎలా తీయాలి?

ఉలిని వైస్‌లో చెక్కల మధ్య బిగించి, పొన్నుకు చెక్క ముక్క ఆనించి చుట్టూ కొద్దికొద్దిగా కొట్టండి. రాకపోతే పిడిని నిలువునా చీల్చేయండి. మంట పెట్టకండి. చీల్చే ముందు పాత పిడి కొలతలు రాసి పెట్టుకోండి. అరిగిన పిడి మీద చెయ్యి పడిన గుర్తులు ఉంటాయి. కొత్తది ఎక్కడ సన్నగా ఉండాలో అవే చూపిస్తాయి.

చిన్న చెక్కుడు కత్తికి ఇదే పద్ధతా?

కాదు. దాని తోక పలచటి బద్ద, బెజ్జంలో కుదరదు. పిడి ముక్కను నిలువునా రెండుగా కోసి, ఒక సగంలో తోక మందమే, సాధారణంగా 2 మి.మీ., గాడి తీసి, అరల్‌డైట్‌తో రెండు సగాలూ తిరిగి అతికించండి. రెండు సగాలూ ఒకే ముక్కవి కనుక రేఖ కలిసిపోయి అతుకు కనపడదు. ఒక రాత్రంతా క్లాంపులో ఉంచి, మర్నాడు ఆకారం తీయండి.

వానల్లో బిగుతుగా ఉన్న పిడి వేసవిలో వదులైంది. నీళ్లలో నానబెట్టవచ్చా?

నానబెడితే ఆ పూటకు బిగుస్తుంది. ఉబ్బిన కర్ర పొన్ను లోపల ఒత్తుకుపోయి, ఆరాక ఇంకా ఎక్కువ ముడుచుకుంటుంది, తోక కూడా తుప్పు పడుతుంది. వదులైన పిడిని ఊడదీసి, వేసవిలోనే సరిచేయండి. తోక ఒక పలకకు అదే కర్ర నుంచి తీసిన పలచటి చిత్రిక పొట్టు ఆనించి మళ్లీ దించండి. పొట్టు కాగితం మందం మించకూడదు. పొన్ను వదులైతే దాన్ని జరిపి, మూతికి పలచగా అరల్‌డైట్ రాసి తొడిగి, మళ్లీ నొక్కులు కొట్టండి. కోస్తాలో ఉండేవారు వీలైతే పిడి పనులన్నీ ఫిబ్రవరి నుంచి మే లోపు పెట్టుకోండి. పొడి కాలంలో బిగించిన పిడి వానల్లో ఇంకాస్త బిగుస్తుంది తప్ప వదులు కాదు.